కాగ్నా వైపు కూడా నడవండి

సంపాదకులకు,

వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల మీద మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. పద్మనాభస్వామి గుడి, వ్యూపాయింట్, ఫోటోలు, తిరుగు ప్రయాణం. కొండ దిగాక తాండూరు దాకా నడవదగ్గదేమీ లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఆ దారుల్లో తిరిగే పెరిగాను.

మూసీ ఈ గుట్టల్లోనే పుట్టి, తూర్పుకు పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలున పడ్డ వాన కాగ్నా నదిలోకి జారి, తాండూరు మీదుగా కర్ణాటకలోకి వెళ్లి భీమలో కలుస్తుంది. భీమ కూడా చివరికి కృష్ణలోకే. ఒకే గుట్ట మీది చినుకులు రెండు దిక్కులకు విడిపోయి ఎక్కడో దూరాన కలుసుకుంటాయి. ఇది కారు అద్దంలోంచి కనబడదు, వాగు వెంట నడిస్తేనే తెలుస్తుంది. కొండ మీది ఎర్రమట్టి పోయి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో పాదాలే చెప్తాయి. ఆ రేగడిలో పండే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కార్తీకంలో పూతకొచ్చిన కందిచేల గట్ల మీద ఒక్కసారి నడిచి చూడండి.

వికారాబాద్, ధారూరు, తాండూరు మూడింటికీ రైలుంది. ఒకచోట దిగి నడిచి, ఇంకోచోట ఎక్కి ఇల్లు చేరవచ్చు. పశువుల కాపరుల పాత బాటలు కంచెల పాలవుతున్నాయి. మిగిలినవాటినైనా పంచాయతీలు గుర్తించి, మలుపు మలుపునా ఒక నాపరాయి పాతించాలి. రాయికి మా తాండూరులో కరువు లేదు.

— ఒక పాఠకుడు, తాండూరు