ఉద్యోగం ఇచ్చేది ఒకరు, ఏరేది ఇంకొకరు

జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి... హైదరాబాద్ చుట్టూ ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా కరెంటు స్తంభాల మీద ఒకే రకం కాగితాలు అంటించి ఉంటాయి. హెల్పర్లు కావలెను, ప్యాకింగ్‌కు ఆడవాళ్లు కావలెను, పీఎఫ్ ఈఎస్ఐ కలదు, కింద ఒక సెల్ నంబర్. ఏ కంపెనీలో పని అన్నది మాత్రం రాసి ఉండదు. ఫోన్ చేస్తే పలికేది కంపెనీ కాదు, మ్యాన్‌పవర్ ఏజెన్సీ. ఆధార్ కార్డు ఫొటో వాట్సాప్ చెయ్యమంటారు. రెండు రోజుల్లో రమ్మంటారు, లేదా ఏమీ చెప్పరు. ఈ ఏమీ చెప్పకపోవడం గురించి మన ఉద్యమాల్లో చర్చ చాలా తక్కువ.

చిన్న, మధ్య తరహా సంస్థలు తమ హెచ్ఆర్ పనిని బయటివాళ్లకు అప్పగించడం ఇప్పుడు మామూలైపోయింది. అందులో న్యాయమైన కారణం లేకపోలేదు. నలభై మంది పనిచేసే యూనిట్‌కు ప్రత్యేకంగా హెచ్ఆర్ మేనేజర్‌ను పెట్టుకునే స్తోమత ఉండదు. ప్రతి నెలా 15వ తేదీలోపు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలి, రిటర్నులు వెయ్యాలి, రిజిస్టర్లు రాయాలి. దళిత పారిశ్రామికవేత్తలకూ ఇదే ఇబ్బంది. కాబట్టి జీతాల లెక్క ఎవరికో అప్పగించడం మీద నాకు పేచీ లేదు. కానీ అదే పేరుతో ఇంకో రెండు పనులు కూడా బయటికి పోతున్నాయి. ఒకటి, ఎవర్ని తీసుకోవాలో ఏరే పని. రెండోది, కార్మికుణ్నే వేరేవాళ్ల రోల్స్‌లో పెట్టే పని. మన పిల్లలకు దెబ్బ తగిలేది ఈ రెండింటి దగ్గరే.

చిన్న సంస్థ అనగానే పాపం అనుకోవాల్సిన అవసరమూ లేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం 100 కోట్ల టర్నోవర్ ఉన్నది కూడా చిన్న సంస్థే. మధ్య తరహా అంటే 500 కోట్ల దాకా.

ముందు ఏరివేత సంగతి. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక అధ్యయనం ప్రచురించారు. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు సమానమైన చదువు, సమానమైన అనుభవం చూపించి, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకైతే మూడింట ఒక వంతు. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసం ఉంది. కులం చూడం, ప్రతిభే చూస్తాం అని చెప్పినవాళ్లే, కుటుంబ నేపథ్యం మాత్రం అడుగుతామని చెప్పారు.

అప్పుడు కనీసం అడగడానికి ఒక కంపెనీ, ఒక హెచ్ఆర్ మేనేజర్ ఉన్నారు. ఇప్పుడు అడగబోతే కంపెనీ ఏజెన్సీని చూపిస్తుంది, ఏజెన్సీ కంపెనీని చూపిస్తుంది. కులం తెలుసుకోవడానికి మన దగ్గర కులం అడగక్కర్లేదు. ఇంటిపేరు చాలు. అది చాలకపోతే ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ అని అడిగితే సరిపోతుంది. అదీ అక్కర్లేదు, ఆధార్ కార్డు వెనక్కి తిప్పితే ఎస్సీ కాలనీ, అంబేడ్కర్ నగర్, అరుంధతి నగర్ అని అచ్చు వేసే ఉంటుంది. గుర్తింపు కోసం ఇచ్చిన కార్డే జల్లెడ అవుతోంది. ఇంత చేసినా ఎక్కడా ఒక్క అక్షరం రాతపూర్వకంగా మిగలదు.

చట్టం లేదా? ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలు 2016 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. అందులోని 3(1)(జడ్ఏ) సెక్షన్ కింద, ఇతరులకు అందుబాటులో ఉన్న వృత్తి, వ్యాపారం, ఉద్యోగం చేసుకోకుండా దళితులను అడ్డుకోవడం కూడా నేరమే. దీన్ని ఉద్యోగ నియామకాల విషయంలో వాడాలంటే అడ్డుకున్నది ఎవరో, ఎందుకో చూపించాలి. సమాధానమే ఇవ్వని ఏజెన్సీ మీద ఏం చూపిస్తాం? ఇంకోవైపు, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో వేతనాల కోడ్ నియామకాల్లో వివక్ష చూపరాదంటోంది. కానీ అది లింగ వివక్ష వరకే. ఆ నిబంధనలో కులం అన్న మాట లేదు.

ఇక మనిషినే వేరేవాళ్ల రోల్స్‌లో పెట్టే వ్యవహారం. దీని చరిత్ర తెలుగువాళ్లు తప్పక తెలుసుకోవాలి. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం కింద ఒక పనిలో కాంట్రాక్ట్ విధానాన్ని నిషేధిస్తే, అక్కడ పనిచేస్తున్నవాళ్ల గతేమిటని ప్రశ్న వచ్చింది. ఎయిర్ ఇండియా కేసులో, 1996లో, వాళ్లు నేరుగా అసలు యజమాని ఉద్యోగులవుతారని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ప్రధాన తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన దళిత న్యాయమూర్తి జస్టిస్ కె.రామస్వామి. 2001లో స్టీల్ అథారిటీ కేసులో అయిదుగురు సభ్యుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. నిషేధించినంత మాత్రాన దానంతటదే విలీనం ఉండదని తేల్చింది. అయిదేళ్లు కూడా నిలవని రక్షణ అది.

తర్వాత 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. కోర్, అంటే ముఖ్యమైన పనుల్లో కాంట్రాక్ట్ కార్మికులను పెట్టకూడదంది. వినడానికి బాగానే ఉంది. అయితే ఏది కోర్ కాదో జాబితా ఇచ్చింది. ఊడ్చడం, తుడవడం, చెత్త ఎత్తడం, కాపలా, క్యాంటీన్, లోడింగ్ అన్‌లోడింగ్, తోటపని, హౌస్‌కీపింగ్, లాండ్రీ. సంస్థ పెట్టిందే ఆ పని కోసమైతే తప్ప ఇవేవీ కోర్ కావు. ఈ జాబితా పక్కన మన ఊళ్లో ఏ కులం ఏ పని చేస్తూ వచ్చిందో రాసుకుని చూడండి. కులవ్యవస్థ అప్రధానం అని పక్కన పెట్టిన పనులనే చట్టం కూడా అప్రధానం అంది. ఆ పని చేసేవాళ్లను శాశ్వతంగా బయటివాళ్లుగా ఉంచొచ్చు అంది. అప్పుడు మనం దీన్ని కార్మిక సంఘాల వ్యవహారం అనుకుని వదిలేశాం. ఇప్పుడు దాదాపు అదే జాబితా కేంద్రం తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఉంది. మన దగ్గర మొదలైన ప్రయోగం దేశం మొత్తానికి చట్టమైంది.

ఆ కోడ్ ఇంకో పని కూడా చేసింది. పాత చట్టం 20 మంది కాంట్రాక్ట్ కార్మికులుంటే వర్తించేది. కోడ్‌లో ఆ సంఖ్య 50. చిన్న సంస్థల్లో ఎక్కువ భాగం ఈ గీత కిందే ఉంటాయి. లేనివాళ్లు ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్ల మధ్య మనుషులను పంచితే చాలు, కాంట్రాక్టర్‌కు లైసెన్సు కూడా అక్కర్లేదు.

దీనివల్ల జేబుకు పడే చిల్లు ఎంత? ఏజెన్సీలు పోటీ పడేది తక్కువ కమీషన్ మీద. ఆ లోటును ఎక్కడో పూడ్చుకోవాలి కదా. పీఎఫ్‌లో కార్మికుడి వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. ఈఎస్ఐలో 0.75 శాతం, 3.25 శాతం. 12,000 మూల వేతనం ఉన్న మనిషి నుంచి చట్టప్రకారం కోయాల్సింది 1,530 రూపాయలు. యజమాని వాటా కూడా జీతంలోంచే కోస్తే అది 3,360 అవుతుంది. అంటే నెలకు 1,830 రూపాయలు, ఏడాదికి దాదాపు 22 వేలు. ఇది చట్టవిరుద్ధం. కానీ పే స్లిప్ ఇవ్వని చోట పట్టుకోవడం కష్టం. కార్యకర్తలు ఒక పని చేయొచ్చు. కార్మికుడి యూఏఎన్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తీసి, అందులో జమైన మొత్తాన్నీ చేతికొచ్చిన జీతాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అదే పాస్‌బుక్‌లో ఇంకోటి కూడా కనిపిస్తుంది. మనిషి అదే గేటు లోపల అదే మెషీన్ దగ్గర ఉన్నా, ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త సంస్థ పేరు, కొత్త మెంబర్ ఐడీ. గ్రాట్యుటీకి కావల్సిన సర్వీసు మళ్లీ మొదటి నుంచి.

ప్రమాదం జరిగినప్పుడు ఈ కాగితాల విలువ తెలుస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఆ పూట లోపల ఎందరున్నారన్న లెక్క తర్వాతి రోజుల్లో మారుతూ వచ్చింది. డీఎన్ఏ పరీక్షలు చేసి శవాలను గుర్తించాల్సి వచ్చింది.

ప్రైవేటు ఏజెన్సీల మీద సామాజిక న్యాయం రుద్దలేం అనే వాదన ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 జూలైలో ప్రారంభించిన ఆప్కాస్, ప్రభుత్వ శాఖల ఔట్‌సోర్సింగ్‌లో దళారులను పక్కన పెట్టి రిజర్వేషన్ పాటించవచ్చని ఒప్పుకుంది. దాని అమలు మీద నాకు చాలా విమర్శలున్నాయి గానీ సూత్రం సూత్రమే. అంతకు ముందు 2019లో అదే ప్రభుత్వం ప్రైవేటు ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. రాజ్యాంగబద్ధత ప్రశ్న వేరు. ప్రైవేటు యజమాని ఎవరిని తీసుకోవాలో ప్రభుత్వం చెప్పొచ్చు అని శాసనసభే అన్నది కదా! ఊరు లెక్కలోకి వస్తుంది, ఊరవతల వాడ రాదా?

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి, అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థల నుంచి జరగాలని నిబంధన ఉంది. యజమాని కులం అడుగుతున్నారు, మంచిదే. మిగిలిన 21 శాతం అమ్ముకునేవాళ్లను, మీ దగ్గరా మీ ఏజెన్సీ రోల్స్‌లోనూ ఎందరు దళితులున్నారు, ఏ పనుల్లో ఉన్నారు అని అడగడానికి కొత్త రాజ్యాంగ సవరణ ఏమీ అక్కర్లేదు. టెండరు షరతుల్లో ఒక కాలమ్ చాలు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు వచ్చేదాకా వేరే ఏదీ అడగొద్దనే మిత్రులతో నేను ఏకీభవించను. 2004 నుంచీ ఆ హామీ వింటూనే ఉన్నాం.

నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలని కొత్త కోడ్ చెబుతోంది. దీన్ని పట్టుకోవచ్చు. ఏజెన్సీ ద్వారా చేరినవాళ్లు ఆ కాగితం అడిగి తీసుకోవాలి. అందులో ఎవరి పేరుంది, ఏ పని రాసి ఉంది, చేయించేది ఏ పని అన్నది చూసుకోవాలి. డేటా ఎంట్రీ అని చేర్చుకుని బాత్రూములు కడిగించే చోట ఆ కాగితమే మొదటి సాక్ష్యం.

ఈలోగా బయోడేటాలో కాలనీ పేరు తీసేసి, మండలం పేరు మాత్రం రాయమని మన పిల్లలకు చెప్పేవాళ్లు ఉన్నారు. మంచి ఉద్దేశంతోనే చెబుతున్నారు. వాట్సాప్‌లో అడిగేది మాత్రం ఆధార్ కార్డు, రెండు వైపులా.