ఈసారి పాసులు వద్దు

కేంద్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

1942 ఆగస్టు 9న లెనిన్‌గ్రాడ్‌లో సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ రాసిన ఏడో సింఫనీని నగర రేడియో ఆర్కెస్ట్రా వాయించింది. జర్మన్ సేనలు నగరాన్ని చుట్టుముట్టి అప్పటికి 11 నెలలు. ఆకలికి, చలికి ఆ ఆర్కెస్ట్రా అప్పటికే చాలావరకు కరిగిపోయింది. కండక్టర్ కార్ల్ ఎలియాస్‌బర్గ్ సైన్యంలోంచి వాద్యకారులను పిలిపించుకున్నారు. బూర ఊదడానికి ఊపిరి చాలని వాళ్లకు అదనపు రేషన్ ఇచ్చారు. కచేరీ వేళ శత్రు ఫిరంగులు నోరెత్తకుండా సోవియట్ సైన్యం ముందుగానే వాటిపై విరుచుకుపడింది. హాలు నిండింది. బయట వీధుల్లోనూ, ఆఖరికి శత్రువుల కందకాల్లోనూ లౌడ్‌స్పీకర్లు ఆ సంగీతాన్ని వినిపించాయి.

శ్రీనగర్‌లో కథ వేరు.

2013 సెప్టెంబర్ 7న జర్మన్ రాయబార కార్యాలయం షాలిమార్ బాగ్ తోటలో కచేరీ పెట్టింది. జుబిన్ మెహతా సారథ్యంలో బవేరియన్ స్టేట్ ఆర్కెస్ట్రా బీథోవెన్ ఐదో సింఫనీ వినిపించింది. కశ్మీరీ వాద్యకారులూ జత కలిశారు. ఆ సాయంత్రానికి అందం అదే. కానీ ఆహ్వానం ఉన్నవారికే ప్రవేశం. ఊళ్లో బంద్, దారుల నిండా బలగాలు. నిరసనగా అదే రోజు నగరంలో ఇంకో కచేరీ జరిగింది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేశారు, నిజమే. తోట పక్క వీధివాళ్లు కూడా టీవీలోనే చూడాల్సి రావడం మాత్రం విడ్డూరం.

ఈసారి కచేరీకి విదేశీ బృందం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. కశ్మీర్ లోయలో సంతూర్, రబాబ్ కళాకారులున్నారు. వీరిని కలిపి శ్రీనగర్‌లో బహిరంగ కచేరీ పెట్టించండి. టికెట్లు, పాసులు వద్దు. ముందు వరుసలు అధికారులకు కేటాయించకండి.