పిత్తాశయ రాళ్లకు మాత్రలు చాలా?

కిడ్నీలో రాయి అంటే కొండపిండి ఆకు కషాయం, అరటి దూట రసం తాగించడం మన ఇళ్లలో మామూలే. పిత్తాశయంలో రాయి ఉందని స్కానింగ్‌లో తేలినా చాలామంది అదే దారి పడుతున్నారు. మూత్రం దారి వేరు, పైత్యరసం దారి వేరు. ఎన్ని నీళ్లు తాగినా ఈ రాయి కొట్టుకుపోదు.

మందు లేకపోలేదు. ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర కొలెస్ట్రాల్ రాళ్లను కరిగించగలదు. అయితే రాయి చిన్నదిగా ఉండాలి, అందులో కాల్షియం పేరుకుని ఉండకూడదు, పిత్తాశయం చక్కగా పనిచేస్తుండాలి. 6 నెలల నుంచి 2 ఏళ్ల దాకా వాడాలి. కరిగిన తర్వాత కూడా 5 ఏళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు మళ్లీ వస్తాయి. ఈ నిజం చెప్పకుండా నెలల తరబడి మాత్రలు రాసివ్వడం రోగికి అన్యాయం.

భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద మొదలై భుజానికి పాకే నొప్పిని గ్యాస్ అనుకుని సరిపెట్టుకోకూడదు. డైక్లోఫెనాక్ వంటి మందులు దానికి బాగా పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు, అల్సర్ ఉన్నవారికి మాత్రం అవి ప్రమాదకరం. అందుకే సొంత వైద్యం పనికిరాదు.

నొప్పే లేని రాళ్లకు సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు. పదేపదే నొప్పి వస్తుంటే ల్యాపరోస్కోపీతో పిత్తాశయం తీయించుకోవడమే నమ్మదగిన పరిష్కారం. జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, నొప్పి గంటల తరబడి తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.