గేటు బయట గంటలు ఎవరి ఖాతాలో?

కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పట్టిన చేప ఐసుతో కలిసి లారీ ఎక్కిందంటే ఇక డ్రైవర్‌కు తీరిక ఉండదు. హౌరా మార్కెట్ 1,100 కిలోమీటర్ల పైమాటే. గువాహటి లోడయితే దాదాపు దానికి రెట్టింపు. ఐసు కరిగేలోపు, పొద్దున బేరాలు మొదలయ్యేలోపు బండి చేరాలి. ఆలస్యమైతే సరుకు ధర పడిపోతుంది, ఫోన్లో తిట్లు డ్రైవర్ తింటాడు. ఒడిశాలో చలికాలపు మంచు కమ్ముకుని దారి కనిపించకపోయినా ఆ తిట్లు తగ్గవు.

సిమెంట్ లారీ డ్రైవర్‌ది ఇంకో బాధ. అతన్ని ఎవరూ తొందరపెట్టరు. జగ్గయ్యపేటలోనో తాడిపత్రిలోనో ఫ్యాక్టరీ గేటు బయట వరుసలో నిలబెడతారు, అంతే. ముందు కాటా, తర్వాత గేటు పాస్, ఆపైన లోడింగ్, మళ్లీ కాటా. దిగుమతి చేసే చోట హమాలీలు అన్నానికి వెళ్లి ఉంటారు, లేదా గోదాము తాళం ఉన్న గుమాస్తా ఇంకా రాడు. వరుస ఎప్పుడు కదులుతుందో తెలియదు కనుక క్యాబిన్‌లో కాళ్లు చాపుకుని నిద్రపోయే వీలుండదు. కునుకు తీస్తే వెనక బండి ముందుకొచ్చేస్తుంది. స్నానానికి చోటుండదు. మరుగుదొడ్డి ఉన్నా అందులో కాలు పెట్టలేరు.

ఈ గంటలకు జీతం లేదు. లారీ డ్రైవర్లలో చాలామందికి డబ్బు ట్రిప్పు లెక్కన, దానిపైన బత్తా. చక్రం తిరిగితేనే కూలి కాబట్టి గేటు దగ్గర పోయిన పగటిని రోడ్డు మీద రాత్రి రాబట్టుకోవాలి. అర్ధరాత్రి హైవే మీద కళ్లు మూసుకుపోతున్నా ఆగని లారీని చూసి కారులో వెళ్లేవాళ్లు తిట్టుకుంటారు. ఆ రాత్రి ప్రయాణం అంతకు ముందు పగలే, ఎవరిదో గోదాము ముందు ఖాయమైపోయిందన్నది వాళ్లకు తెలియదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన అధ్యయనంలో, అలసిపోయినా నిద్ర ముంచుకొస్తున్నా బండి నడుపుతూనే ఉంటామని డ్రైవర్లలో దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. వాళ్లది తెగువ అనుకుంటే పొరపాటు, గతిలేకే నడుపుతున్నారు.

చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదంది. అయితే అది వర్తించింది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. దేశంలో లారీల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు బళ్లున్న చిన్న యజమానులవి. ఫైనాన్స్ వాయిదా కట్టలేక సతమతమయ్యే ఆ యజమాని కూడా సుఖంగా ఏమీ లేడు. ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ఈ లొసుగు మూసుకుంటుందేమో అనుకున్నవాళ్లకు అక్కడ దొరికింది పది మంది పరిమితి. ఉన్న కన్నం కాస్తా పెద్దదైంది!

పాత చట్టంలో ఇంకో విచిత్రం. పనివేళల్లో కలపాల్సినవేమిటో చెబుతూ, బండి ఆగే చోట 15 నిమిషాల లోపు నిరీక్షణను అది ప్రత్యేకంగా పేర్కొంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేటు ముందు కూర్చోబెడితే ఏమిటన్నది ఎక్కడా లేదు.

నేషనల్ పర్మిట్ లారీలో ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధనను 2018లో ఎత్తేశారు. అదే ఏడాది లారీ మోయగల బరువును 20 నుంచి 25 శాతం దాకా పెంచారు. బరువు పెరిగింది, మనిషి తగ్గాడు. క్లీనర్లు అంతకు ముందే కనుమరుగవుతూ వచ్చారు. క్లీనర్ అంటే టైర్లు చూసి అద్దం తుడిచే కుర్రాడే కాదు, నిద్ర రాకుండా కబుర్లు చెప్పే తోడు, ట్యాంకులో డీజిల్‌కు కాపలా. ఇప్పుడు డ్రైవర్ ఒక్కడే నడపాలి, ఆగిన చోట డీజిల్ దొంగల కోసం ఒక కన్ను తెరిచి పడుకోవాలి.

సరుకు ఎక్కడుందో తెలుసుకోవడంలో ప్రభుత్వానికి ఏ లోటూ లేదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి. టోల్‌గేటు దాటిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది. ఈ-వే బిల్లు గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున కంప్యూటరే లెక్కిస్తుంది. నడిపేవాడు ఎన్ని గంటలుగా నిద్రపోలేదన్న లెక్క మాత్రం ఏ శాఖ దగ్గరా లేదు. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాల్సిందే, బండిలోని యంత్రం దాన్ని నమోదు చేస్తుంది. మన దగ్గర ఆ యంత్రం పెట్టినా, గేటు బయటి గంటలకు కూలి ఇవ్వనంత కాలం డ్రైవరే దాన్ని ఏమార్చే దారి వెతుక్కుంటాడు.

శిక్షల దగ్గరికి వచ్చేసరికి డ్రైవర్ చప్పున గుర్తొస్తాడు. ప్రాణం పోయే ప్రమాదం చేసి సమాచారం ఇవ్వకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు అని భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షన్‌లో రాశారు. 2024 జనవరిలో డ్రైవర్లు బళ్లు ఆపేశారు. హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. డ్రైవర్లు అడిగింది ఒకటే: ఆగితే జనం కొట్టి చంపరని హామీ ఎవరిస్తారు? పారిపోవడాన్ని ఎవరూ సమర్థించలేరు కానీ, ఆ భయం అబద్ధమనీ అనలేం. 2024 జులై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు ఆ సెక్షన్‌ను పక్కన పెట్టారు.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేయడం మంచి పని. మే నెలలో రెంటచింతల మీదుగా సిమెంట్ తోలే వాళ్లకు దాని విలువ తెలుసు. పాత లారీలకు అది వర్తించదు, ఏసీ ఉన్నంత మాత్రాన పని గంటలూ తగ్గవు.

గేటు బయటి గంటలను లెక్కగట్టడం అంత కష్టమేమీ కాదు. లారీ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు లోపలికి వెళ్లింది, ఎప్పుడు బయటపడింది అన్నవి పెద్ద ఫ్యాక్టరీల, పోర్టుల గేట్ల దగ్గర ఎలాగూ రాసుకుంటారు. ఆ సమయాలను సరుకు రశీదు మీద అచ్చు వేయించాలి. రెండు గంటలు దాటిన ప్రతి గంటకూ లోడు చేయించేవాడో దించుకునేవాడో హాల్టింగ్ చార్జీ కట్టాలి, అందులో డ్రైవర్ వాటా నేరుగా అతని బ్యాంకు ఖాతాలో పడాలి. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా, కార్మిక శాఖలు కలిసి కూర్చుంటే సిమెంట్ ఫ్యాక్టరీలు, విశాఖ, కృష్ణపట్నం పోర్టులతో దీన్ని మొదలుపెట్టవచ్చు. ఖర్చు తగిలితే హమాలీలను ఇంకో షిఫ్టు పెట్టుకోవాలన్న ఆలోచన ఆ యాజమాన్యాలకే వస్తుంది.