అబ్బా పాలసీ ఎప్పటిదాకా ఉంది?

అబ్బాకి, అమ్మీకి హెల్త్ పాలసీ ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అది ఏ తారీఖు దాకా ఉందో అడగండి, ఎవరూ చెప్పరు. దవాఖానాలో అడ్మిషన్ కౌంటర్ దగ్గర కార్డు చెల్లదన్నాకే తెలుస్తుంది.

నాకు తెలిసిన ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో పెద్దవాళ్ల పాలసీ చాలాసార్లు కొడుకు నౌకరీతో వచ్చినదే. బేటా హైదరాబాద్‌లో కంపెనీలో చేరతాడు, గ్రూప్ పాలసీలో తల్లిదండ్రుల పేర్లు రాయిస్తాడు. నౌకరీ పోతే అదీ పోతుంది. మా చచ్చాకి ఇదే అయింది. వయసు 66, ఇరవై ఏళ్ల షుగర్. కొడుకు వెళ్లిన కొత్త కంపెనీ తల్లిదండ్రుల్ని పాలసీలో తీసుకోదు. గ్రూప్ నుంచి బయటికొచ్చేవాళ్లు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడగొచ్చని పాత ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు. దాన్ని మైగ్రేషన్ అంటారు. అలా మారితే గ్రూప్‌లో గడిచిన ఏళ్లు వెయిటింగ్ పీరియడ్‌లో జమ అవుతాయి. కానీ పాలసీ బతికుండగానే అడగాలి. రాజీనామా లెటర్ ఇచ్చే వారంలోనే అడగాలని నేనంటాను.

ఇప్పుడు చచ్చా బీమా కంపెనీకి కొత్త మనిషి. 65 దాటితే కొత్త పాలసీ లేదనే హద్దు 2024లో తీసేశారు, మంచిదే. అయినా పాత బీమారీలకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. షుగర్ మూడేళ్లు ఆగుతుందా?

సొంత పాలసీ ఉన్నవాళ్ల ముసీబత్ వేరు. కువైట్‌లో ఉన్న కొడుకు పాత నంబరుకి రెన్యువల్ మెసేజ్ వెళ్తుంది, ఎవరూ చూడరు. ఏడాది ప్రీమియానికి 30 రోజుల గడువుంటుంది. ఆ లోపు కడితే పాత హక్కులు నిలుస్తాయి గానీ, మధ్యలో దవాఖానాలో చేరితే ఆ ఖర్చు మనదే. ప్రీమియం పెరిగిందని గుస్సాతో వదిలేసేవాళ్లనీ చూశాను. వదిలెయ్యకండి, కవరేజీ తగ్గించమని అడగండి. 60 దాటినవాళ్లకు ఏడాదికి 10 శాతం మించి పెంచాలంటే కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐని సంప్రదించాలని 2025 జనవరిలో ఆర్డర్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. వేరే కంపెనీకి మారాలనుకుంటే రెన్యువల్ తారీఖుకి కనీసం 45 రోజుల ముందే అర్జీ పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ జాయిజా కాదా అనే బహస్ మన మొహల్లాల్లో ఎప్పుడూ ఉంది. ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉన్న మస్లాలో నేను ఫత్వా ఇవ్వను. అయితే 70 నిండినవాళ్లకు ప్రీమియమే లేని దారి ఒకటుంది. 2024 అక్టోబర్ 29న మొదలైన ఆయుష్మాన్ వయ వందన కార్డు. ఆమ్దనీ ఎంతని అడగరు, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే ఇలాజ్, ఏడాదికి 5 లక్షలు. మియా బీవీ ఇద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. స్కీములో ఉన్న దవాఖానాల్లోనే చెల్లుతుంది, రోజూ వేసుకునే మందులకు రాదు. కాబట్టి పాలసీ ఉన్నవాళ్లు ఈ కార్డు చూసుకుని దాన్ని ఆపెయ్యొద్దు.

అయినా తీసుకోరు! కొల్లేరు వైపు చేపల చెరువులు లీజుకి చేసే ఒక పెద్దాయన నాతో అన్నాడు, "సర్కారు కార్డు పట్టుకుని లైన్లో నిలబడితే మన ఇజ్జత్ ఏం కావాలి బేటా?" అని. ఇది ఖైరాత్ కాదు చచ్చా, జిందగీ అంతా పన్ను కట్టిన మనిషి హక్. విజయవాడలో బిల్లు కట్టలేక బంధువులకు ఫోన్లు చేసేటప్పుడు మిగిలే ఇజ్జత్ ఎంత?

అసలు చిక్కు 60కీ 70కీ మధ్య ఉన్నవాళ్లది. పేద కుటుంబాలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, పాత ఆరోగ్యశ్రీయే. దానికి అర్హత లేని మధ్యతరగతికి ఆ పదేళ్లు సొంత పాలసీ తప్ప గతి లేదు. అందుకే మైగ్రేషన్ సంగతి ఇంతగా చెబుతున్నాను.

ఇంకోటి. వయ వందనకి వయసు చూసేది ఆధార్‌లోనే. మన దాదీ, నానీల ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1, సంవత్సరం ఎవరో అందాజాగా వేసింది. షేక్ అనే మాటకి ఇంగ్లీషులో ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు, ఒకచోట బీబీ, ఇంకోచోట బేగం. పాలసీ కాగితం, ఆధార్, రేషన్ కార్డు ఈ వారమే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే అమ్మీ నడిచి ఆధార్ సెంటర్‌కి రాగలిగే రోజుల్లోనే తీసుకెళ్లండి.