సువార్తమ్మ అను పేరునకు సిగ్గేల?

కొల్లేటి చుట్టుప్రక్కల సంఘములలో బాప్తిస్మపు రిజిస్టరు తిరుగవేసినవారికి ఒక సంగతి కనబడును. అవ్వలు సువార్తమ్మలు, కరుణమ్మలు. మనుమరాండ్రు షారోనులు, జెస్సికాలు, ఎవాంజలినులు. మిగిలిన పేర్ల మాట యెట్లున్నను, ఈ కడపటి పేరునుగూర్చి తలిదండ్రులతో నాకు వ్యాజ్యెమున్నది.

మంచి వర్తమానమునకు గ్రీకు భాషలో ఎవంగేలియోన్ అని పేరు. ఎవాంజలిన్ దానినుండి పుట్టినదే; 1847లో లాంగ్‌ఫెలో అను అమెరికా కవి తన కావ్యనాయికకు పెట్టగా ఆ పేరు మిక్కిలి వ్యాపించెను. ఆ గ్రీకు మాటకే మన బైబిలులోని తెలుగు సువార్త. కాబట్టి తల్లీ, అత్తగారి పేరు వలదని త్రోసివేసి నీవు తెచ్చుకొన్నది అత్తగారి పేరే! దానికి గౌను తొడిగితివి, అంతే.

"ఆ పేరు మోటుగా నున్నది, అయ్యగారూ" అందురు. దినపత్రికలో మోటుగాని "వార్త" మన బిడ్డకెట్లు మోటాయెను? దాచనేల? ఆ పేరు వినగానే ఏ పేటలో పుట్టిన బిడ్డయో ఎదుటివాడు పోల్చుకొనునని భయము. సువార్త బీదలకని ప్రభువే చెప్పెను (లూకా 4:18). బీదల వాసన వచ్చుచున్నదని మనమా దానిని విడుచుట?

రిజర్వేషను పోవునని బడిలో వేరు పేరు వ్రాయించువారిమీద నేను రాయి వేయను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు గానివారికి షెడ్యూల్డు కులముల హక్కు లేదనెను. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరచిన తలుపు మనకు తెరువలేదు. అది అన్యాయమే. కాని ఎవాంజలిన్ అని పెట్టినవారికి ఆ సాకు చెల్లదు. అదియు క్రైస్తవ నామమే గదా!

పేరు మార్చనిదే క్రైస్తవుడు కాడనియు నేననను. 1859లో బాప్తిస్మము పొందిన రాఘవాపురపు పగోలు వెంకయ్య వెంకయ్యగానే యుండి అనేకులను ప్రభువునొద్దకు నడిపించెను. అయితే తరువాతి తరములవారు సువార్తమ్మ అని పెట్టుకొన్నప్పుడు, "ఒసే" యని పిలుచుటకే అలవాటుపడిన కామందు, పేరు పూర్తిగా పలికినయెడల "అమ్మ" అనక తప్పదాయెను. ("సువార్తీ" యని కుదించినవారు లేకపోలేదు, వారి నాలుకకు అంత బరువాయెను కాబోలు.) అట్టి పేరునా మనము మోటనుట?

ఎవాంజలిన్ అని అడిగినను నేను బాప్తిస్మమియ్యక మానను. అయితే ఆ దినమున అవ్వను ముందరికి పిలిచి, బిడ్డ పేరునకు అర్థమేమో ఆమెచేతనే సంఘమునకు చెప్పింతును.