చివరి సందులో చిక్కు
వందల కిలోమీటర్లు లారీలో సాఫీగా వచ్చిన పార్శిల్ చివరి రెండు వీధుల దగ్గరే ఆగిపోతుంది. డెలివరీ కుర్రాడినో ట్రాఫిక్‌నో తిట్టుకుంటాం గానీ, అసలు జబ్బు చిరునామాది. 1972 ఆగస్టు 15న మొదలైన ఆరంకెల పిన్‌కోడ్ తపాలా కార్యాలయం దాకానే దారి చూపుతుంది. హైదరాబాద్ డోర్ నంబర్లు, వాటికి తగిలించిన బై నంబర్లు చూసి ఇల్లు పట్టుకోవడం పాత పోస్ట్‌మన్‌కే చెల్లు. అందుకే ‘గుడి పక్క సందు, ట్యాంకు ఎదురుగా’ అని రాస్తాం, మళ్లీ ఫోన్లో దారి చెబుతాం. పార్శిల్‌కింత అని కూలి తీసుకునేవాడికి ఆ వెతుకులాటలో పోయేది సొంత పెట్రోలు, సొంత సమయం.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ దీనికి మందు కాగలదు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీ తోడ్పాటుతో రూపొందిన ఈ పద్ధతి దేశాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాంకెల కోడ్ ఇస్తుంది. ఫోన్లో మ్యాప్ ఉండగా ఇదెందుకంటారా? మ్యాప్‌లో గుర్తు ఫోన్ నుంచి ఫోన్‌కే వెళుతుంది. కోడ్‌ను గేటు మీద రాయొచ్చు, అంబులెన్స్‌కూ చెప్పొచ్చు. గోప్యత మాటేమిటంటే, కోడ్‌లో పేరుండదు. పేరుతో, కొనుగోళ్లతో దాన్ని ముడిపెట్టే కంపెనీలనే కట్టడి చేయాలి. అపార్ట్‌మెంట్లో మాత్రం కింది ఫ్లాటుకూ పై ఫ్లాటుకూ కోడ్ ఒకటే, కాబట్టి డోర్ నంబర్ల గజిబిజిని మున్సిపాలిటీలు సరిచేయక తప్పదు. ఆస్తి పన్నుకు గుమ్మం గుమ్మం తెలిసిన యంత్రాంగానికి ఇది కొత్త పనేమీ కాదు.